సాధారణం అని రాసిన ట్యూబు

ఆ జన్యు పరీక్షల ల్యాబులో ఆమెను ముందర మేడమ్ అనీ, వెనకాల కచ్చితమ్మ అనీ అంటారు. వెనకాల అనే మాట ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా. చుక్క ద్రవం ఎక్కువైతే మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టే మనిషి. ఆమె సంతకం ఉన్న రిపోర్టును డాక్టర్లు రెండోసారి చదవరు. పొగరు కాదా అంటే పొగరే, కాని పని వచ్చినవాళ్ల పొగరు కాబట్టి చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఆమె తమ్ముడిది గాలిలో పని. ఎత్తయిన భవనాలకు బయటవైపు తాడు మీద వేలాడుతూ అద్దాలు బిగిస్తాడు. ఈమధ్య అతని చేతిలోంచి స్క్రూలు జారిపోతున్నాయి. మెట్లు దిగేటప్పుడు ఒక పక్కకు తూలుతున్నాడు. నరాల డాక్టరుగారు అతన్ని తిన్నగా గీత మీద నడిపించి, వేలితో ముక్కు ముట్టుకోమని, చివరికి "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగారు. అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఉండేది. వాళ్ల నాన్న పోయేదాకా తూలుతూనే నడిచాడు. తాగుబోతని ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేశారు. చుట్టాలు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేవాళ్లు. ఆయన చుక్క ముట్టడని అమ్మ ఒక్కతే అనేది. మొగుణ్ణి వెనకేసుకొస్తోందిలే అని అందరూ నవ్వుకున్నారు. పిల్లలు నవ్వలేదు గాని, నమ్మనూ లేదు.

డాక్టరుగారి అనుమానం ఒక ఎంజైము మీద.

"అది మెదడుదేరా, ఒంట్లో మిగతా చోట్ల దాదాపు కనిపించదు" అని అక్క తమ్ముడికి చెప్పింది. "నరాల కణానికి బయటినుంచి కబురొస్తే, లోపల ఎవరికి చెప్పాలో వాళ్లకు చేరవేసేది అదే. అడుగు ఎక్కడ వెయ్యాలి, చెయ్యి ఎంత చాచాలి అని సరిచూసే భాగం తల వెనకవైపు ఉంటుంది. అక్కడ దానికి పని ఎక్కువ. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారినా కబుర్లు తారుమారు కావచ్చు. అప్పుడు మనిషి తూలతాడు."

"మెదడులో ఉండేదానికి చేతికి సూది దేనికే?"

"ఎంజైము తయారయ్యేది మెదడులో. ఎలా తయారుచెయ్యాలో రాసి ఉన్న జన్యువు మాత్రం ఒళ్లంతా ఉంటుంది. నీ తలలో ఉన్నదే నీ రక్తంలోనూ ఉంటుంది."

"నా తలలో ఏమీ లేదని చిన్నప్పటినుంచీ నువ్వేగా అన్నావు" అంటూ చెయ్యి చాపాడు తమ్ముడు. సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకుని అడిగాడు. "ఉందని తేలితే?"

"తాడు దిగెయ్యాలి. ఉన్నపళాన మంచాన పడేసే జబ్బు కాదు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. నేలమీద ఎన్ని పనులైనా చేసుకోవచ్చు. తాడు మీద మాత్రం ఒక్కరోజు కూడా వద్దు."

"లేదని తేలితే?"

"స్క్రూలు జారడానికి నీ బద్ధకమే కారణం."

ఆ జన్యువుకు ఆ ల్యాబులో అంతవరకూ ఎవరూ పరీక్ష చెయ్యలేదు. కచ్చితమ్మే కూర్చుని తయారుచేసింది. రక్తంలోంచి ఆ జన్యువు ముక్కలను తీసి, లెక్కలేనన్ని నకళ్లు చేయించి, మిషన్లో పెట్టి మెల్లగా వేడి చేస్తారు. వేడికి ఆ ముక్కల్లోని జంట పోగులు విడిపోతాయి. అవి విడిపోయే తీరును మిషను తెరమీద గీతగా గీస్తుంది. పక్కనే ఏ లోపమూ లేని మనిషి గీత కూడా గీయిస్తారు. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే తేడా లేనట్టు, దూరంగా జరిగితే ఉన్నట్టు. అలా పోల్చుకోవడానికి ఫ్రిజ్‌లో "సాధారణం" అని రాసిన ట్యూబు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ల్యాబు పెట్టిన కొత్తలో సిబ్బందిలో ఒకరు రక్తం ఇవ్వడం, అన్ని పరీక్షలకూ అదే వాడుకుంటూ పోవడం ఇలాంటి చోట్ల మామూలే.

తమ్ముడి గీత వచ్చి సాధారణం గీత మీద పడింది. వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అంత చక్కగా కలిసిన గీతలను ఆమె తన సర్వీసులో చూడలేదు. సంతోషం పట్టలేక కుర్చీలో ఒక చుట్టు గిర్రున తిరిగి, ఎవరైనా చూశారేమోనని సర్దుకుని సంతకం పెట్టింది.

"రిపోర్టు సరే, అతని కాళ్లు ఇంకోలా చెబుతున్నాయమ్మా" అన్నారు డాక్టరుగారు ఫోన్లో.

"కాళ్లు సంతకం పెట్టవు డాక్టరుగారూ" అంది.

ఇంట్లో తమ్ముడు గంతు వేసినంత పని చేశాడు. మర్నాటినుంచే పనికి పోతానన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "అయితే నాన్న తాగినట్టేగా" అన్నాడు. అమ్మ కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

తమ్ముడు తాడెక్కాడు. కొన్నాళ్లకు సాధారణం ట్యూబు అడుగంటింది. కొత్త రక్తం తీసుకున్నప్పుడు దాన్ని పాతదాని పక్కన పెట్టి, అన్ని పరీక్షల్లోనూ కలుస్తుందో లేదో చూడాలి. మిషన్లు బాగుచేసే మెకానిక్కు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మిగతా పరీక్షలన్నిటిలో అతని గీత బుద్ధిగా కలిసింది. తమ్ముడికోసం తయారుచేసిన పరీక్షలో మాత్రం దూరంగా జరిగింది.

కచ్చితమ్మకు మెకానిక్కు మీద ఎక్కడలేని జాలి ముంచుకొచ్చింది. మొన్ననే పాపం స్పానరు కాలిమీద పడేసుకున్నాడు. తనే వెళ్లి కాఫీ తెచ్చి అతని చేతికిచ్చింది. ఆవిడ కాఫీ తేవడం ఎన్నడూ చూడని మెకానిక్కు, ఉద్యోగం ఊడిందేమోనని హడలిపోయాడు.

చెప్పేముందు ఇంకోసారి చూద్దామని రిసెప్షన్ అమ్మాయి రక్తం తీసి పరీక్ష పెట్టింది. ఆ గీత వెళ్లి మెకానిక్కు గీత మీద పడింది. వాచ్‌మన్ రక్తం తీసింది. అదీ అక్కడే పడింది. ముగ్గురూ ఒకచోట, పాత ట్యూబు ఒక్కటీ విడిగా.

ఆ ట్యూబు ఎవరిదో ఆమె చదివి తెలుసుకోనక్కర్లేదు. ల్యాబు పెట్టిన కొత్తలో, నాకంటే నమ్మకమైన రక్తం ఎవరిదని గర్వంగా చెయ్యి చాపింది తనే. మిగతా జన్యువులన్నిటిలో ఏ లోపమూ లేదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరి రిపోర్టూ తప్పలేదు. తమ్ముడి గీత కలిసింది ఆరోగ్యంతో కాదు, అక్కతో. నాన్న ఇద్దరికీ సమానంగా పంచి వెళ్లాడు.

ఆమెకు భయమేసింది. ముందు తమ్ముడి కోసం, చాలాసేపటికి గాని తనకోసం కాదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. తాడు మీద ఉన్నప్పుడు ఫోను కింద సంచిలో ఉంటుంది. పర్సు కూడా మర్చిపోయి పరుగెత్తింది. ల్యాబు మెట్లు దిగుతూ తన చెయ్యి రెయిలింగును గట్టిగా పట్టుకుని ఉండటం చూసుకుంది. ఎప్పుడూ పట్టుకునే దిగేది. దాన్ని ఇన్నాళ్లూ జాగ్రత్త అనుకుంది.

పని జరిగే చోట మేస్త్రీ ఆమెను గుర్తుపట్టాడు. "రిపోర్టు బ్రహ్మాండంగా ఉందటగా మేడమ్, మీరే ఇచ్చారటగా."

"నేనే ఇచ్చాను. తప్పు ఇచ్చాను. మా తమ్ముణ్ణి దించండి."

మేస్త్రీ వాకీటాకీలో కేకేశాడు. ఎంతో ఎత్తున ఒక మనిషి కదిలి, అద్దాల మీదుగా మెల్లగా దిగడం మొదలుపెట్టాడు. మధ్యలో అతని కాలు ఒక అంచుకోసం వెతికి, దొరక్క గాలిలో ఊగి, మళ్లీ వెతుక్కుంది. ఆమె కళ్లు మూసుకుందామనుకుంది గాని మూసుకోలేదు. అతని రెండు పాదాలూ నేలమీద ఆనాకే ఊపిరి వదిలింది.

"ఏమైందక్కా, అమ్మ బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నీ రిపోర్టు తప్పురా. నీకు ఉంది."

"కచ్చితమ్మ పప్పులో కాలేసిందా?"

"వేసింది. నిన్ను నాతో పోల్చి చూశాను. ఆ సాధారణం ట్యూబు నాదే."

అర్థమయ్యాక అతని మొహంలో నవ్వు పోయింది. "అంటే నీకూ..."

"నాకూ."

నడుం బెల్టు బకిల్ విప్పబోతే అతని వేళ్లకు చిక్కలేదు. ఆమె చెయ్యి వేసింది, ఆమెకూ వెంటనే చిక్కలేదు. ఇద్దరూ కలిసి ఎలాగో ఊడదీశారు.

"ఇప్పుడేం చేద్దాం?"

"నేను కొత్త రిపోర్టు రాసి, కాళ్లే గెలిచాయని డాక్టరుగారికి చెబుతాను. నువ్వు కింద కొలతల పని అడుగు. నడకకు వ్యాయామాలున్నాయి, ఇద్దరం చేద్దాం. నీకంటే నేనే బాగా చేస్తాను."

"చేస్తావులే, కచ్చితంగా చేస్తావు" అన్నాడు తమ్ముడు. తాడును చుట్టచుట్టి మేస్త్రీ చేతికిచ్చాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. "అక్కా, అయితే నాన్న..."

"అవును."

ఇంటికొచ్చేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"అమ్మా, నాన్న తాగలేదు" అంది కూతురు.

"నాకెందుకు చెబుతున్నారు? నాకు తెలుసుగా" అంది అమ్మ, తల ఎత్తకుండానే. "చుట్టాలకు చెప్పండి."

అప్పుడు తలెత్తి చూసింది. చెప్పులు విడవడానికి కొడుకు గుమ్మానికి ఒక పక్క చెయ్యి ఆనించాడు. రెండో పక్క కూతురు చెయ్యి ఉంది. అమ్మ ఆ రెండో చేతిని చాలాసేపు చూసింది. మడత పెడుతున్న దుప్పటి ఒళ్లో అలాగే ఉండిపోయింది. కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతోనే అంది.

"మీ నాన్న ఎవరైనా చూస్తారని చెయ్యి తీసేసి పడేవాడు. మీరు పట్టుకునే చెప్పులు విడవండి. మనింట్లో ఎవరూ ఏమీ అనుకోరు."