ఒంటిపూట లైటు

వడ్రంగి బ్రహ్మచారికీ ఆయన కోడలికీ చెడిందట. అందుకే ముసలాయన మనవరాలిని బడికి తీసుకుపోవడం మానేశాడట. ఈ మాట పై వాటా కామేశ్వరమ్మ అన్నదని ఇస్త్రీ బండి విమలమ్మ వీధి చివరి దాకా మోసుకుపోయింది. "నేనన్నట్టు ఎక్కడా చెప్పకే విమలా, వాళ్ళింట్లో అద్దెకుంటున్నదాన్ని" అని కామేశ్వరమ్మ ఒట్టు కూడా వేయించుకుందట. విమలమ్మ ఆ ఒట్టును కూడా కలిపే చెప్పింది.

తిరిగి తిరిగి బ్రహ్మచారి చెవిన పడేసరికి ఆ మాటకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. కోడలు ఆయనకు వేరే పొయ్యి పెట్టిందట, వేరే గిన్నెలో వండుకుంటున్నాడట. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన్ను బడి దారి మాన్పించింది కోడలు సుకన్య కాదు, కామేశ్వరమ్మ కన్నకొడుకే.

ఆ కొడుకు పేరు విశ్వతేజ. ట్రాఫిక్ ఇంజనీరు. కాకినాడ నుంచి వచ్చి లాలాగూడలో తల్లితో పాటు బ్రహ్మచారి ఇంటి పై వాటాలో ఉంటున్నాడు. "మీవాడు ఏం పని చేస్తాడమ్మా" అని ఎవరైనా అడిగితే, "ఏదో లైట్ల ఉద్యోగం, కరెంటాఫీసు లాంటిదే" అంటుంది తల్లి. కొడుకు ఏ లైట్ల కోసం ఇంటాయన్ను ఇంట్లో కూర్చోబెట్టాడో ఆమెకు తెలియదు.

బ్రహ్మచారి రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసి రిటైరైనవాడు. కొడుకు గూడ్సు బండి నడుపుతాడు. ఇంట్లో ఉండే రోజులకన్నా పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ. సుకన్య పొద్దున్నే బేగంపేటలో ఆఫీసుకు పోతుంది. ఇక ఎనిమిదో తరగతి చదివే శ్రీలలితను బడికి దింపడం, తీసుకురావడం తాత పని అయింది.

బడి దూరం కాదు. మధ్యలో ఉన్న రోడ్డే దూరం. వంతెన దిగే బండ్లు ఆ వాలులో ఎవరి మాటా వినవు. వర్క్‌షాపు గోడ మలుపు తిరిగే దాకా బడి గేటు కనబడదు, కనబడ్డాక బ్రేకు పడదు. బ్రహ్మచారి భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పైకెత్తి రోడ్డు మధ్యకు నడిచేవాడు. బండ్లు గుర్రుమంటూ ఆగేవి. ఆయన వెనక ఒక్క శ్రీలలితే కాదు, కోడిపెట్ట వెంట పిల్లల్లాగా బడి పిల్లలంతా దాటేవారు.

"బండిని జూడకు బిడ్డా, బండి మీదున్నోని కండ్లు జూడు. వాడు నిన్ను జూసిండని తెల్సినంకనే అడుగెయ్" అని రోజూ చెప్పేవాడు.

"అబ్బ, తెల్సు తాతా. మా క్లాసోళ్ళంత నిన్ను తువ్వాల పోలీస్ అంటున్రు. నాకు షరమైతుంది" అనేది శ్రీలలిత.

నవ్వేవాడే గానీ ఆయనకు లోపల వేరే దిగులుంది. కండ్లలో పొర కమ్ముతోంది. ఎదుటి బండివాడి కండ్లు చూడమని పిల్లకు చెబుతున్నాడు గానీ ఆ కండ్లు ఆయనకే ఆనడం లేదు. తాను ఎన్నాళ్ళు తువ్వాలు ఎత్తగలడు? అక్కడొక లైటు పడితే తనకేమైనా ఆ పిల్ల భద్రంగా దాటుతుంది. అందుకని కనబడ్డ ప్రతి కార్పొరేటరునూ, ప్రతి ట్రాఫిక్ ఎస్సైనీ అడుగుతూనే వచ్చాడు. చలికాలం చివర ఒకరోజు విశ్వతేజ మెట్లు దిగివచ్చి, బడి ముందు సిగ్నల్ పెడుతున్నారని చెబితే ముసలాయన ఆ పూట ఇంట్లో పాయసం చేయించాడు.

అయితే అది రోజంతా వెలిగే సిగ్నల్ కాదు. పిల్లలు వచ్చే వేళా పోయే వేళా ఎర్రా పచ్చా పడుతుంది. మిగతా వేళల్లో పసుపు మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, బండ్లు తమ దారిన పోవచ్చు. ఖాళీ రోడ్డు మీద ఊరికే ఎర్రలైటు వేస్తే జనం విసిగి, పిల్లలున్నప్పుడు కూడా ఆగరని ఆ ఏర్పాటు. అదీ ముందు కొన్నాళ్ళు పరీక్షకే. బండ్లు ఆగితే ఉంచుతారు, ఆగకపోతే పీకేస్తారు.

మొదటి రోజు బ్రహ్మచారి అలవాటు కొద్దీ లైటు కిందే తువ్వాలు ఎత్తాడు. ఆటోవాడొకడు తల బయటపెట్టి, "ఏం కాకా, లైటుకు తోడొచ్చినవా? దానికి భయమైతుందా?" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. ఆ సాయంత్రమే విశ్వతేజ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బాబాయి గారూ, మీరేమీ అనుకోనంటే ఒక్క మాట. కొన్నాళ్ళు మీరు రోడ్డు మీదికి రావద్దండి."

"ఏందీ సారూ, నేనేం తప్పు జేసిన?"

"తప్పు కాదండీ. మీరు చెయ్యెత్తితే బళ్ళు ఆగుతున్నాయి. అవి లైటుకి ఆగాయో మీకు ఆగాయో నాకెలా తెలుస్తుంది? పై వాళ్ళు అడిగేదదే. మనిషి లేకుండా లైటు ఒక్కటే ఉంటే ఆగుతారా అని. మీరు నిలబడితే నా పరీక్ష చెడుతుంది."

"అంటే నేను అడ్డమన్నట్టు."

"అయ్యో, అలా కాదండీ..."

"మజాక్ జేస్తున్న సారూ, గట్ల మొకం పెట్టకు. లైటు ఉండాలంటే నేను ఇంట్ల కూసోవాలె, అంతే గద? కూసుంట."

మాటిచ్చాడు, కూర్చున్నాడు. వర్క్‌షాపులో ముప్పావు జీవితం పైవాళ్ళు గీసిన గీత మీద రంపం నడిపినవాడికి చెప్పిన మాట దాటడం తెలియదు. విశ్వతేజ బడికి పోయి పిల్లలందరికీ నేర్పాడు, మనిషి బొమ్మ పచ్చగా వెలిగితేనే దాటాలని. బండ్లు ఆగాయి. నమ్మలేనంతగా ఆగాయి. శ్రీలలిత ఇంటికొచ్చి, "తాతా, ఇప్పుడు నన్నెవ్వరూ ఏమనరు" అని గంతులేసింది. కామేశ్వరమ్మ మాత్రం ముసలాయన ఇంటి పట్టున ఉండటం చూసి కోడలి కథ అల్లింది.

ఇంతలో మార్చి సగమైంది. ఎండలు ముదిరాయి. సోమవారం నుంచి ఒంటిపూట బడులన్నారు. తెలుగునాట పుట్టినవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? ఆదివారం నాడు ఇంట్లో అదే మాట. కామేశ్వరమ్మ మజ్జిగలో అల్లం కరివేపాకు దంచి వేసి, గ్లాసులతో కిందికి తెచ్చి, "మా తేజాకి చిన్నప్పుడు ఒంటిపూట బళ్ళంటే పండగే. మధ్యాన్నం మండుటెండలో మామిడికాయలకి పోయేవాడు" అని మురిసిపోయింది. విశ్వతేజ పక్కనే ఉన్నాడు. నవ్వాడు, మజ్జిగ తాగాడు. సిగ్నల్ వేళలు ఫిబ్రవరిలో కంప్యూటర్లో పెట్టినవి. బడివాళ్ళు లైటువాళ్ళకు తెలుసనుకున్నారు. లైటువాళ్ళు ఏమైనా మారితే బడివాళ్ళు చెబుతారనుకున్నారు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం బ్రహ్మచారి పెరుగు పాకెట్ కోసం బడి ఎదుటి కిరాణా కొట్టుకు పోయాడు. బడి వదిలారు. పిల్లలు బిలబిలమంటూ గేటు దాటి వచ్చారు. తలెత్తి చూస్తే లైటు పసుపులో కొట్టుకుంటోంది. మనిషి బొమ్మ అసలు వెలగనే లేదు. వంతెన మీది నుంచి బండ్లు ఎప్పటిలాగే దూసుకొస్తున్నాయి. పిల్లలు కాసేపు పచ్చ కోసం చూసి, ఎండకు ఆగలేక గుంపుగా పరుగెత్తారు. ఒక వ్యాను కీచుమని ఆగింది.

ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. ఒక అడుగు రోడ్డు మీదికి వేశాడు కూడా. అంతలో స్తంభానికి కట్టిన కెమెరా కనబడింది. పరీక్ష చెడుతుందన్న మాట గుర్తొచ్చింది. ఈ పసుపు కూడా పరీక్షలో భాగమేమో, ఇంత చదివినవాడికి ఒంటిపూట సంగతి తెలియకుండా ఉంటుందా, నిన్ననే కదా అందరం మాట్లాడుకున్నాం. అడుగు వెనక్కి తీసుకున్నాడు. పిల్లలు దాటేదాకా పెరుగు పాకెట్ పట్టుకుని కొట్టు నీడలో నిలబడ్డాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ విశ్వతేజ గేటు తెరిచి లోపలికి వచ్చాడు. చెవిలో ఫోను.

"సారూ..." అన్నాడు బ్రహ్మచారి.

విశ్వతేజ ఫోను మీద చెయ్యి మూసి, "చెప్పండి బాబాయి గారూ" అన్నాడు.

తెలిసినవాడికి తెలిసిన సంగతి చెబితే ఏమనుకుంటాడో. వడ్రంగి వచ్చి లైట్ల సంగతి నేర్పుతున్నాడంటాడేమో.

"ఏం లేదు. ఎండల తిరిగొచ్చినవ్, జెర నీళ్ళు తాగు" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం శ్రీలలితను మోటారు సైకిలు కొట్టింది.

కొట్టినవాడు తాగుబోతు కాదు, దుర్మార్గుడూ కాదు. మలుపు తిరిగాడు, పసుపు చూశాడు, దారి తనదేననుకున్నాడు. బ్రేకు వేశాడు గానీ పడేసరికి ఆలస్యమైంది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. ఆస్పత్రిలో రాడ్ వేశారు. సుకన్య బేగంపేట నుంచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. మామను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆయనకు ఆ రాత్రీ అనిపించింది, ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

విశ్వతేజ ఆస్పత్రి వరండాలో గోడకానుకుని నిలబడి, "నాలుగు మీటలు నొక్కితే అయిపోయే పనండీ" అని ఎవరితోనో, బహుశా తనతోనే, చెప్పుకున్నాడు. ఆ సాయంత్రానికే వేళలు మార్చారు. బ్రహ్మచారి అతని పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. నేను సోమవారమే చూసిన సారూ అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగాడు. అప్పుడు చెబితే పనికొచ్చే మాట, ఇప్పుడు చెబితే ఎవరికి?

కామేశ్వరమ్మ రోజూ పొద్దున పిల్లకు ఇడ్లీలు తెచ్చి సుకన్య చేతిలో పెట్టి, తలెత్తకుండా మెట్లెక్కి పోయేది. విమలమ్మ ఇస్త్రీ బట్టల వంకతో ఎన్నిసార్లు కదిపినా ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

పరీక్ష ముగిసింది. లైటు గెలిచింది. విశ్వతేజ ఆ సంగతి చెప్పడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"లైటు వెలిగిన వేళల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదని రిపోర్టండీ. పర్మనెంటుగా ఉంచుతారు."

"మరి మా పిల్ల సంగతి?"

"అది... లైటు వేళ కాదు కదండీ. అందులోకి రాదు. నేను రాశాను బాబాయి గారూ, పైన తీసేశారు."

"తీస్తరు. ఎందుకు తీయరు" అన్నాడు బ్రహ్మచారి. కోపంగా అనలేదు. ఏళ్ళ తరబడి కోరుకున్న లైటు వచ్చింది, ఆ వచ్చిన దాన్ని చూడటానికి మాత్రం ఆయన ఆ రోడ్డు వైపు పోలేదు.

జూన్‌లో బడి తెరిచే ముందు రోజు సాయంత్రం. శ్రీలలిత హాల్లో నేల మీద కాలు చాపుకుని కొత్త పుస్తకాలకు అట్టలు వేస్తోంది. నడుస్తుంది గానీ కొంచెం ఈడుస్తుంది. ఖోఖో టీములో పేరు తీసేశారు. సుకన్య స్కూలు బట్టలు మడత పెడుతోంది. విశ్వతేజ గుమ్మం దగ్గరే నిలబడి, శనివారాలూ, పరీక్షల రోజులూ, ఒంటిపూట బడులూ అన్నీ ఇప్పుడు లెక్కలో పెట్టామని, ఇక పొరపాటు జరగదని చెప్పాడు.

"మంచిది" అంది సుకన్య, తలుపు వేసినట్టుగా.

బ్రహ్మచారి గొంతు సవరించుకున్నాడు. ఈ మాట చెప్పడానికి ఆయన వేసవంతా ఎదురుచూశాడు. ఆపరేషనైన కంటికి పెట్టిన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని మనవరాలి పక్కన కూర్చున్నాడు.

"రేపటి సంది నేనొస్త బిడ్డా. ఎవ్వరేమన్న సరే. ఇంజనీరు సారు వద్దన్న సరే. రోజు నేనే దాటిస్త."

శ్రీలలిత అట్ట మడత మీద గోరుతో గట్టిగా గీసి తలెత్తింది.

"ఇప్పుడెందుకు తాతా? ఇప్పుడు లైటు మంచిగ చేసిన్రు గద. ఆ సోమవారం కిరాణా కొట్టు కాడ నిలబడి చూసినవ్, నేను చూసిన నిన్ను. అప్పుడు రావాలె."