రెండో కీపర్

లాహోర్ స్టేషన్‌లో కరాచీ మెయిలు కదులుతుంటే తుఫైల్ అహ్మద్ కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాపి భార్యకు ఊపాడు. ఆ చేతులే అతని ఆస్తి. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పని చేస్తూ, పదేళ్లపాటు రైల్వే జట్టుకు వికెట్ల వెనక కాపలా కాసిన చేతులవి. ముప్ఫై రెండేళ్లు నిండాయి. కొత్తగా పుట్టిన దేశం మొదటిసారి ఇంగ్లండ్‌కు టెస్టులు ఆడటానికి వెళ్తూంటే, ఆ జట్టులో తన పేరు పత్రికలో చూసుకున్న రోజు ఈ జన్మకింక ఇది చాలనుకున్నాడు.

చాల్లేదు. జట్టులో కీపర్లు ఇద్దరు. రెండో పేరు తనది. మొదటి పేరు జమీర్ హైదర్‌ది.

జమీర్ పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదేమో. దేశం రెండైన ఏడాది జలంధర్ నుంచి ఒంటిమీది బట్టలతో లాహోర్ చేరిన కుటుంబం వాళ్లది. మైదానం గోడమీద కూచుని పొద్దస్తమానం ఆట చూస్తున్న వాణ్ణి పిలిచి, తన పాత గ్లవ్స్ చేతికిచ్చింది తుఫైలే. "బంతిని పట్టుకోవద్దురా, రానివ్వు. దాని ఇల్లు నీ చెయ్యే అనుకో" అని చెప్పిందీ అతనే. ఏడేళ్లు తిరిగేసరికి ఆ పిల్లాడికి ఇరవై ఒకటి వచ్చింది. బంతి నిజంగానే ఇంటికొచ్చినట్టు వాడి చేతుల్లోకి వచ్చి కూచునేది.

ఆ వేసవంతా ఇంగ్లండులో వానలే. హోటల్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, ఉప్పులేని చేపలు. హలాల్ కాదని మాంసం ముట్టేవాళ్లు కారు. తుఫైల్ గది పంచుకున్న నియామత్ ఖాన్ పెషావర్‌లో పోలీసు జమాదారు. ముప్ఫై ఆరేళ్ల ఫాస్ట్ బౌలర్. ఇంటినుంచి తెచ్చుకున్న మామిడికాయ పచ్చడి జాడీ మంచం కింద దాచుకుని, రోజుకో చెంచా చొప్పున తుఫైల్‌కు కూడా పెట్టేవాడు.

"తిను యార్. ఈ జాడీ అయిపోయేలోపు ఒక్క టెస్టు గెలవాలి. తర్వాత నా మోకాళ్లు నన్ను ఆడనివ్వవు" అనేవాడు.

మొదటి టెస్టు వానకు కొట్టుకుపోయింది. రెండోది ఓడిపోయారు. ఓడినా జమీర్‌కు మాత్రం పేరొచ్చింది. దొరల పత్రికల్లో వాడి ఫొటో పడింది, గాల్లో అడ్డంగా తేలుతూ, ఒక్క చేత్తో క్యాచ్ అందుకుంటూ. టిఫిన్ల దగ్గర ఆ పత్రిక చేతులు మారుతూ తుఫైల్ దాకా వచ్చింది. "మాషా అల్లా" అన్నాడు అందరిలాగే. పత్రిక మడిచి పక్కవాడికిచ్చాడు. ఒలిచిన గుడ్డు పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

అదే వారం భార్య రషీదా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 'హకీమ్ గారింట్లో రేడియో దగ్గర అందరం కూచుంటున్నాం. జమీర్ పేరు వందసార్లు వస్తోంది. మీ పేరు రావట్లేదు. రేడియో పాడైందేమో మార్చమని అత్తయ్య హకీమ్ గారితో పోట్లాడుతోంది.'

తుఫైల్ ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు.

మూడో టెస్టుకు నాలుగు రోజుల ముందు ఒక కౌంటీ జట్టుతో ఆట జరిగింది. నియామత్ వేసిన బంతి ఒకటి తడి నేలమీద ఎగిరి జమీర్ కుడి చేతిని తాకింది. వాడు చెయ్యి ఒకసారి విదిలించి మళ్లీ వంగి నిలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. పెవిలియన్‌లో కూచున్న తుఫైల్ ఒక్కడే ముందుకు వంగాడు.

సాయంత్రం భోజనాల దగ్గర జమీర్ ఎడమ చేత్తో ఫోర్కు పట్టుకుని కబుర్లు చెబుతున్నాడు. కుడి చెయ్యి బల్ల కిందనే ఉంది. మర్నాడు బూటు తాడు పళ్లతో బిగించుకున్నాడు. జట్టు మొత్తానికి వాడు ఎప్పటిలాగే నవ్వుతూ కనిపించాడు. చేతులమీదే బతికిన తుఫైల్‌కు మాత్రం ఆ నవ్వు వెనక విరిగిన వేలు కనిపించింది.

మూడో టెస్టు జరిగే మాంచెస్టర్ చేరిన మర్నాడు పొద్దున్నే స్నానాలగది తలుపు తోస్తే, జమీర్ చల్లటి నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచి నిలబడి ఉన్నాడు. ఉంగరపు వేలు వంకాయలా వాచి నల్లబడింది.

"తలుపెయ్యండి ఉస్తాద్" అన్నాడు గాభరాగా. "ఎవరికీ చెప్పకండి. కర్నల్ సాబ్‌కు తెలిస్తే నన్ను పక్కన కూచోబెడతాడు. మా అమ్మ ఆ రేడియోకు చెవి అతికించుకుని ఉంటుంది."

కర్నల్ సాబ్ అంటే జట్టు మేనేజరు. రిటైరైన సైనికాధికారి. తుఫైల్ వెళ్లి ఒక్క మాట అంటే చాలు, మర్నాడు వికెట్ల వెనక నిలబడేది తనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ తర్వాత? శిష్యుడిమీద చాడీలు చెప్పి టెస్టు టోపీ సంపాదించాడంటారు. ఇంకోటి కూడా ఉంది. జమీర్ అలా గాయంతో తప్పుకుంటే వీరుడిగానే మిగిలిపోతాడు. అదే వేలితో ఆడితే... ఆడి, అందరూ చూస్తుండగా బంతి జారవిడిస్తే...

ఆ ఊహ నోట్లో పటికబెల్లంలా కరిగింది.

"చెయ్యి ఇటివ్వు" అన్నాడు తుఫైల్. తెల్లటి పట్టీ తెచ్చి, విరిగిన వేలిని మధ్యవేలితో కలిపి తనకు తెలిసిన విద్యంతా పెట్టి కట్టాడు. ఇంకోసారి దెబ్బ తగిలితే ఆ వేలు జన్మలో వంగదని అతనికి తెలుసు. ఆ సంగతి జమీర్‌కు తెలియదు. వాడు పసిపిల్లాడిలా అతని మొహంలోకి చూశాడు.

"ఏం కాదంటారా ఉస్తాద్?"

"ఏం కాదు. ఆడు."

నాలుగు రోజులు జమీర్ పళ్లబిగువున నెట్టుకొచ్చాడు. రోజూ పొద్దున తుఫైల్ పట్టీ మార్చాడు. ఐదో రోజుకు ఆట తక్కెడలో ముల్లులా నిలబడింది. నియామత్ ఖాన్ ఆ పొద్దున వేసినట్టు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. మధ్యాహ్నానికి ఆరుగురు దొరలు వెనక్కి వెళ్లిపోయారు. గెలుపుకు అడ్డం ఒక్కడే, వాళ్ల కెప్టెను. అతనొచ్చి పదకొండు పరుగులు చేశాడో లేదో, నియామత్ వేసిన బంతి అతని బ్యాటు అంచును ముద్దుపెట్టుకుని నేరుగా జమీర్ చేతుల్లోకి వెళ్లింది. పదేళ్ల పిల్లాడు పట్టే క్యాచ్.

బంతి చేతుల్లో పడింది. పడి, కింద రాలింది.

పెవిలియన్‌లో తువ్వాలు భుజాన వేసుకుని కూచున్న తుఫైల్‌కు నెత్తిన పాలు పోసినట్టయింది. అగ్గిపుల్ల వెలిగి ఆరినంతసేపు ఉంది ఆ సంతోషం. తర్వాత మైదానం మధ్యలో నియామత్ కనిపించాడు. తల పట్టుకోలేదు, కేకలు వెయ్యలేదు. మెల్లగా గడ్డిమీద కూచుండిపోయాడు, మోకాళ్లు ఇంక చాలన్నట్టు.

ఇంగ్లండ్ కెప్టెను ఆ సాయంత్రం వరకూ ఆడి నూటపాతిక పరుగులు కొట్టాడు. టెస్టు పోయింది. మధ్యలో ఇంకో బంతి అదే వేలిని తాకింది. అయినా జమీర్ మైదానం వదల్లేదు.

డ్రెస్సింగ్ రూములో వాడి గ్లవ్ లాగి తియ్యడానికి ఇద్దరు పట్టాల్సివచ్చింది. లోపల తెల్లపట్టీ నెత్తుటితో అంటుకుపోయి ఉంది. కర్నల్ సాబ్ ఆ పట్టీని చాలాసేపు చూశాడు.

"ఇది ఇవాళ్టి దెబ్బ కాదు. ఇంత పద్ధతిగా కట్టిందెవరు?"

తుఫైల్ తువ్వాలు మడతపెడుతున్నాడు. మడిచిందే మళ్లీ మడుస్తున్నాడు.

"నేనే కట్టుకున్నాను సాబ్" అన్నాడు జమీర్. "ఎవరికీ తెలీదు. తప్పు నాది."

"ఎడమ చేత్తో కట్టుకున్నావా?"

"అవును సాబ్."

నియామత్ ఒకసారి పట్టీ వంకా, ఇంకోసారి తుఫైల్ వంకా చూశాడు. ఆ రోజునుంచి జాడీ మంచం కిందనుంచి బయటికి రాలేదు.

ఆఖరి టెస్టు లండన్‌లో. తుఫైల్‌కు టోపీ ఇచ్చారు. జమీర్‌కు నిజం చెప్పెయ్యాలని ఆ వారమంతా అనుకున్నాడు. చెబితే టోపీ పోతుందేమో. ఆట అయ్యాక చెబుదాం, నిజం ఎక్కడికి పోతుంది అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఆడాడు. పదేళ్లు పార్సిళ్లమీద ముద్రలు కొడుతూ కన్న కలంతా ఆ ఐదు రోజుల్లో ఖర్చుపెట్టాడు. నాలుగు క్యాచ్‌లు, రెండు స్టంపింగులు. ఒక్క బంతి కూడా అతన్ని దాటి వెనక్కి పోలేదు. జట్టు గెలిచింది. ఆ దేశంలో మొదటి గెలుపు. ఆటగాళ్లు అతన్ని భుజాలమీదికెత్తుకుని మోశారు. అంత ఎత్తునుంచి అతను ఒక్క మొహం కోసమే వెతికాడు. జమీర్ మొహం. తన కడుపులో నెలల తరబడి రగిలిన నిప్పు అక్కడ ఒక్క రవ్వ కనిపిస్తే చాలు, లెక్క సరిపోతుందనుకున్నాడు.

జమీర్ కట్టుకట్టిన చెయ్యి పైకెత్తి గెంతుతున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. దగ్గరికొచ్చి ఒంటిచేత్తో కావలించుకుని, "చూశారా ఉస్తాద్! లాహోర్ అంతా ఇవాళ మీ పేరే! రషీదా చాచీ రేడియోకు ముద్దులు పెడుతూ ఉంటుంది" అన్నాడు. "ఇంకొకడైతే నా వేలి సంగతి ఆ రోజే కర్నల్ చెవిన వేసేవాడు. మీరు మాట నిలబెట్టుకున్నారు. అల్లా మీకు మీ వంతు ఇచ్చాడు."

తుఫైల్‌కు అప్పుడు వాడిమీద వచ్చినంత అసూయ ఆ వేసవి మొత్తంలో ఎప్పుడూ రాలేదు. వాడి చేతులమీద కాదు, ఫొటోమీద కాదు. ఎదుటివాడి గెలుపుకు ఏడవగలిగిన ఆ గుండెమీద. అది తను నేర్పింది కాదు. తనకెవరూ నేర్పలేదు.

వాణ్ణి చెయ్యి పట్టుకుని పెవిలియన్ వెనక మెట్లదగ్గరికి తీసుకెళ్లాడు.

"నేను చెప్పకపోవడం నీకోసం కాదు జమీర్."

"మరి?"

"నువ్వు జారవిడవాలని. అందరి ముందూ. ఇంకో దెబ్బ తగిలితే వేలు పోతుందని నాకు తెలుసు. తెలిసే ఆడమన్నాను."

జమీర్ మొదట నవ్వబోయాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయాడు.

"బంతి జారినప్పుడు..." అని ఆగాడు. "మీరు సంతోషించారా?"

"కాసేపు."

"నియామత్ భాయ్ కింద కూచున్నప్పుడు కూడానా?"

జవాబు కోసం ఆగకుండా జమీర్ మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు. లోపల జట్టంతా పాటలు పాడుతోంది.

తుఫైల్ ఆ సాయంత్రమే కర్నల్ సాబ్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మీసం సవరించుకుంటూ విన్నాడు.

"గెలిచి ఇంటికి పోతున్నాం మియా. ఇలాంటివి రిపోర్టులో రాయించకు. ఇంతకీ ఆ పట్టీ బాగా కట్టావు" అన్నాడు. శిక్ష వేస్తాడేమోనని వెళ్లినవాడు ఆ మెచ్చుకోలు మోసుకుని తిరిగొచ్చాడు.

ఓడలో పదిహేడు రోజులు. జమీర్ అందరితోనూ మాట్లాడాడు. తుఫైల్ ఎదురుపడితే మర్యాదగా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు. కరాచీ రేవులో ఒకే దండ ఇద్దరి మెడల్లో వేసి ఫొటో తీశారు. ఫొటో అయ్యాక జమీర్ దండలోంచి తల తప్పించుకుని వెళ్లిపోయాడు. తుఫైల్‌కు ఆ తర్వాత ఇంకో టెస్టు దక్కలేదు. నియామత్‌కూ దక్కలేదు. జమీర్ వేలు వంగలేదు. గ్లవ్స్ వదిలేసి బ్యాటు పట్టుకున్నాడు. రెండేళ్లు కష్టపడి బ్యాట్స్‌మన్‌గా మళ్లీ జట్టులోకి వచ్చాడు.

ఆ చలికాలం లాహోర్‌లో రైల్వే జట్టుతో జమీర్ జట్టుకు ఆట పడింది. పొద్దున్నే పొగమంచు. జమీర్ బ్యాటు పుచ్చుకుని వచ్చి, తుఫైల్‌కు రెండు గజాల ముందు వీపు చూపించి నిలబడ్డాడు. వంగని వేలు బ్యాటు పిడిమీద కర్రముక్కలా బయటికి పొడుచుకుని ఉంది. రెండు గంటలసేపు తుఫైల్ కళ్లు ఆ వేలిమీదే ఉన్నాయి. అదే చేత్తో వాడు తొంభై పరుగులు చేశాడు. ఒక్కో షాటూ చూస్తుంటే, నేను ఎంత పాడుచేసినా వీడికి ఇంకా ఇంత మిగిలిందే అని పాత మంట లోపల మెల్లగా కదిలింది. దాన్ని చూసి అతనికే సిగ్గేసింది.

ఓవరు మారే వ్యవధిలో జమీర్ గ్లవ్ తీసి ఆ వేలిని నోటి ఆవిరితో వెచ్చబెట్టుకున్నాడు.

"చలికి నొప్పి పెడుతుందా?" అని అడిగాడు తుఫైల్. రెండేళ్లలో మొదటి మాట.

జమీర్ వెనక్కి తిరగలేదు. బౌలరు పరుగు మొదలుపెట్టబోతుండగా, "పెడుతుంది" అన్నాడు. "పొద్దున్నపూట ఎక్కువ."

"ఆవనూనె వేడిచేసి రాయి. రోజూ."

మూడో బంతికి జమీర్ బ్యాటు అంచు తగిలింది. తుఫైల్ పట్టుకోలేదు, రానిచ్చాడు. అది చేతుల్లోకి వచ్చి కూచుంది. అంపైరు వేలెత్తకముందే జమీర్ బ్యాటు చంకన పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఆవనూనె మా ఇంట్లో ఉండదు" అన్నాడు తల తిప్పకుండానే.

"నేను పంపిస్తాను" అన్నాడు తుఫైల్.

జమీర్ గ్లవ్ ఊడదీసుకుంటూ పొగమంచులో పెవిలియన్ వైపు వెళ్లిపోయాడు.