జయీఫ్ మాట

కుళ్ళాయప్ప నమాజుకు పిలుస్తూ బాంగు ఇచ్చాడంటే కుందూ అవతలి ఒడ్డున ఎనుములు నెమరు ఆపి చెవులు నిక్కించేవి. కోయిలకుంట్లలో ఈ మాట కాదన్నవాడు లేడు. ఉంటే గింటే వాడు ఆ వేళకు గురకపెట్టి నిద్రపోతుంటాడు, వాడి సాక్ష్యం చెల్లదు.

ఆ గురువారం కూడా తెల్లవారకముందే ఆయన మసీదు మూలన మైకు ముందు పీట ఎక్కుతున్నాడు. ముందు కుడికాలు. తర్వాత గోడకు చెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఆగి, ఎడమకాలు. మైకు కడ్డీకి ఉన్న మర తుప్పుపట్టి, ముందు బాంగు ఇచ్చిన పాత మోజన్ ఎత్తుకే బిగుసుకుపోయింది. ఆ పాత మోజన్ తాటిచెట్టంత మనిషి. కుళ్ళాయప్ప పొట్టి, పైగా మెడ లేదు. బొత్తిగా లేదని కాదు, వెతికితే దొరుకుతుంది. గడ్డం ఎక్కడ ఆగుతుందో అక్కడే చొక్కా కాలరు మొదలవుతుంది, అంతే. అందుకని పీట. వేపచెక్క పీట మీద ఆయనే కుట్టుకున్న దూదిమెత్త, చలికాలం అరికాళ్ళు జిల్లుమనకుండా. ఏళ్ళ తరబడి నిలబడీ నిలబడీ ఆ మెత్త మీద రెండు పాదాల ఆకారంలో గుంటలు పడ్డాయి. చీకట్లో కూడా కాళ్ళు వాటిని వెతుక్కొని పోయి కూర్చునేవి.

మొహం పక్కకు తిప్పి దగ్గాడు. దూదేకుల వృత్తిలో పుట్టిన మనిషికి దగ్గు ఆస్తిలాంటిది, తండ్రి నుంచి వస్తుంది. ఏకిన దూదంతా పరుపుల్లోకే పోదు, కొంత మనిషిలోకి పోయి అక్కడ పరుచుకుంటుంది. దగ్గు అయ్యాక చెవి మీద చెయ్యి పెట్టుకొని బాంగు మొదలుపెట్టాడు. నిద్ర కంటే నమాజు మేలు అనే చోటికి వచ్చేసరికి, ఎప్పటిలాగే, ఎదురుగా ఓబులేసు టీ బంకు రేకు తలుపు గడగడలాడుతూ తెరుచుకుంది.

నమాజు అయ్యాక టీ తాగడానికి వెళితే ఓబులేసు రోజూ అనే మాటే అన్నాడు.

"ఏం కుళ్ళాయన్నా, పగలంతా పరుపులు అమ్మి జనాన్ని పండబెట్టేది నువ్వే, తెల్లారకముందే నిద్ర మంచిది కాదని లేపేదీ నువ్వే. ఇదేం యాపారమప్పా?"

"నువ్వు టీ పోసి నిద్ర చెడగొడతాండావు గదా, నీకంటే మేలేలే."

ఆ జవాబు కూడా రోజూ ఇచ్చేదే. ఇద్దరూ నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం తీరిపోయి చాలా కాలమైంది.

దూది ఏకే కొట్టం మసీదు వెనక సందులో ఉంది. మిషను వచ్చాక, చేత్తో దూది ఏకే పాత విల్లు గోడకెక్కింది. కొట్టంలో ప్రతిదాని మీదా సన్నటి దూదినుసి. కుళ్ళాయప్ప కనుబొమల మీద కూడా అదే. ఆయనకు జుట్టు ఎప్పుడు నెరిసిందో ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదంటే అందుకే. కొట్టం వెనకే ఒక గది. అందులో మంచం, పొయ్యి, చనిపోయిన భార్య హుసేన్‌బీ చీర ఒకటి కిటికీకి తెరగా.

ఈ మనిషి మోజన్ ఎందుకయ్యాడంటే, పాత మోజన్ పోయినప్పుడు ఆ పనికి ఎవరూ రాలేదు. మసీదులో నమాజు చేయించే పెద్ద పీష్‌మాము బుడాన్‌సాబ్ కొట్టానికి వచ్చి, దూది మూట మీద కూర్చొని, "ఏడేండ్లు అల్లా కాడ ఫలం కోరి బాంగు ఇచ్చినోనికి నరకం నుంచి విడుదల రాసిపెడతారని ప్రవక్త చెప్పినాడు కుళ్ళాయా" అన్నాడు. ఆ మాట ఒక్కటే ఆయన జీవితంలో ఎవరైనా ఆయనకు ప్రత్యేకంగా చెప్పిన మాట. సరే అన్నాడు. మొదటి ఏడేళ్ళు అమ్మకు రాశాడు. ఇలా ఒకరి బాంగు ఇంకొకరికి రాయవచ్చునా అని ఎవరినీ అడగలేదు. పరుపు ఎవరు కుట్టినా పడుకునేది కొన్నవాడే కదా అనుకున్నాడు. రెండో ఏడేళ్ళు నాయనకు. మూడోది పురిట్లోనే పోయిన బిడ్డకు మొదలుపెడితే, బుడాన్‌సాబ్, పసిబిడ్డలకు నరకం లెక్కే లేదు పో అన్నాడు. అది హుసేన్‌బీకి మార్చాడు. ఇప్పుడు నడిచేది నాలుగోది, తనకు. రంజాన్ వస్తే పూర్తవుతుంది. కర్నూలు డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పెట్టి చూసి, ఇంట్లో ఎవరున్నారని అడిగిన రోజు నుంచి ఆయనకు ఒక్కటే చూపు, రంజాన్ దాకా పీట ఎక్కడం.

పదకొండు దాటాక మహాదేవమ్మ పాత దిండు ఒకటి చంకలో పెట్టుకొని వచ్చింది. కూతురికి కాన్పు అయిందట.

"దీన్ని విప్పి చిన్నబిడ్డకు సరిపోయేట్టు చెయ్యి కుళ్ళాయన్నా. మెత్తగా ఉండాల. నీ మాదిరి మెడ లేని బిడ్డ గాదు, జాగర్త."

"సాయంత్రానికి ఇస్తాలేమ్మా."

"ఆ దగ్గేంది, అట్ల దగ్గుతాండావు?"

"దూది."

మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు కరెంటు పోయింది. మైకు లేదు. కుళ్ళాయప్ప పీట ఎక్కి ఉత్త గొంతుతోనే బాంగు ఇచ్చాడు. ఎనుముల సంగతి ఇక్కడ ఒప్పుకోక తప్పదు. అదంతా మైకు గొప్ప. మైకు లేకుంటే ఆ గొంతు వీధి దాటి ఓబులేసు బంకు దాకా పోయేది, అది కూడా గాలి అటు ఉంటే. కుందూ అవతల ఎనుములు వాటి పాటికి అవి నెమరేసుకున్నాయి. ఇవతలి ఎనుములు కూడా.

పొద్దు వాలే వేళ అసర్ నమాజుకు కరెంటు వచ్చింది. నమాజు తర్వాత మసీదు అరుగు మీద పంచాయితీ మొదలైంది. ఒకవైపు జిలాన్‌బాషా, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మసీదు పెద్ద. ఇంకోవైపు మందుల షాపు ఇల్యాసు, ముప్పై ఏళ్ళవాడు, ఫోనులో హదీసులన్నీ, అంటే ప్రవక్త మాటలన్నీ, పెట్టుకొని తిరిగేవాడు. కుళ్ళాయప్ప చాపలు చుడుతున్నాడు.

"చైనాకు పోయైనా సరే చదువు నేర్సుకోమని ప్రవక్త చెప్పినాడని బడి పిల్లోళ్ళ ముందర ఎన్నిసార్లు మాట్లాడినా నేను! ఇప్పుడొచ్చి కాదంటావేందిరా అబ్బీ?" అన్నాడు జిలాన్‌బాషా.

"చదువు నేర్సుకోమనింది నిజమే మామా. చైనా మాటే ఎవరో తరవాత తగిలించినారంటాండారు పెద్దోళ్ళు."

"తగిలించడానికి డోన్‌లో రైలు పెట్టెనా అది?"

"రైలు మాదిరే అనుకో. మాటకు గొలుసు ఉంటాది. ప్రవక్త నోట విన్నోడు ఒకడు, వాని నోట విన్నోడు ఇంకొకడు, అట్ల వస్తాది. నడాన ఒకడు మతిమరుపోడో, కోతలు కోసేటోడో అయితే ఆ మాట నిలబడదు."

"కోతలు కోసేటోళ్ళను తీసేస్తే కోయిలకుంట్లలో మాట్లాడేదానికి ఎవడు మిగుల్తాడ్రా!"

కుళ్ళాయప్ప చుట్టిన చాపను గోడకు నిలబెట్టాడు. అది జారింది. మళ్ళీ నిలబెట్టి, దాని మీద చెయ్యి తీయకుండానే అడిగాడు.

"ఇల్యాసూ, నాదొకటి ఉండాది. చూసి చెప్తావా నాయనా?"

ఏడేళ్ళ మాట చెప్పాడు. అమ్మ సంగతి, నాయన సంగతి, హుసేన్‌బీ సంగతి కూడా చెప్పాడు. ఇవన్నీ ఒకేసారి ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చెప్పడానికి పెద్దగా సేపు పట్టలేదు.

"యాడ విన్నావు పెదనాయనా?"

"బుడాన్‌సాబ్ చెప్పినాడు."

"ఆయప్ప యాడ విన్నాడు?"

"వాళ్ళ మామ కాడ."

"ఆ మామ?"

"కడప దర్గా కాడ ఎవురో పక్కీరు చెప్పినాడంట. ఆ పక్కీరుది యా ఊరో అడగలేదురా. నువ్విట్ల పోలీసు మాదిరి అడుగుతావని నాకేం తెలుసు?"

ఇల్యాసు ఫోను తీశాడు. చూడకుండానే తెలిసిన సంగతి కోసం చాలాసేపు వేలితో పైకీ కిందికీ జరిపాడు.

"పుస్తకాల్లో అయితే ఉండాది పెదనాయనా. ఉండాది గానీ..."

"గానీ?"

"జయీఫ్ అని రాసినారు."

హదీసులు తూచేవాళ్ళ భాషలో జయీఫ్ అంటే బలహీనం. గొలుసు గట్టిది కాదని, ఆ మాట మీద బరువు పెట్టవద్దని. కానీ దూదేకులవాళ్ళ ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. కుళ్ళాయప్పకు వచ్చిన ఉర్దూ అంతా పక్క వీధుల్లో చెవిన పడింది. మొన్న ఆస్పత్రిలో వరసలో నిలబడి దగ్గుతుంటే ఎవరో ఉర్దూ ఆయన "జయీఫ్ ఆద్మీ, ముందు పోనీండి" అని దారి ఇప్పించాడు. ఆయనకు తెలిసిన జయీఫ్ అదే.

చాప మీది చెయ్యి తీసేశాడు. చాప ఈసారి జారలేదు.

"జయీఫా! అట్ల చెప్పు మరి. శానా ముసిలి మాటన్నమాట. నా మాదిరే."

"కాదు కుళ్ళాయా, జయీఫంటే..." అని జిలాన్‌బాషా నోరు తెరిచాడు. ఇల్యాసు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఏడాది పొడుగునా ఒక్క బలహీనమైన మాటను కూడా మసీదు గడప దాటనివ్వనివాడు, తల వంచుకొని, "అంతే పెదనాయనా. ముసిలిదే" అన్నాడు.

"ముందర పోనిచ్చే మాట" అన్నాడు కుళ్ళాయప్ప, తనలో తాను.

ఇల్యాసుకు అక్కడితో ఊరుకోబుద్ధి కాలేదు. "ఇంకోటి ఉండాది, అది సహీ. రాయి మాదిరి గట్టి మాట. బాంగు ఇచ్చేటోళ్ళకు ప్రళయం దినాన అందరికంటే పొడుగు మెడ ఉంటాదంట."

కుళ్ళాయప్ప ఇల్యాసును చూశాడు, జిలాన్‌బాషాను చూశాడు. నవ్వి దగ్గాడు.

"పోరా. నువ్వు కూడా నా మెడ మీద పడినావా? ఓబులేసు చెప్పిచ్చినాడు గదా?"

"అల్లా తోడు పెదనాయనా!"

"తోడు తీసుకురావద్దులే ఇట్లాంటి వాటికి." చెప్పులు వేసుకొని కొట్టానికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన రెండు మాటలు వెంట తీసుకుపోయాడు. నమ్మింది బలహీనమైనదాన్ని. నమ్మనిది గట్టిదాన్ని.

ఆ వీధిలో ఒక అలవాటుంది. మగ్రిబ్ బాంగు వినపడితేనే లైట్లు వేస్తారు. హిందువులేమి, తురకలేమి, బంకులేమి, ఇళ్ళేమి, చెయ్యి దానంతట అదే స్విచ్చి మీదికి పోతుంది. ఆ రోజు పొద్దు కుంకింది, బాంగు లేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. చీకట్లోనే టీ తాగారు, చీకట్లోనే తూకం వేశారు. కాసేపటికి ఓబులేసు చెయ్యి స్విచ్చి దాకా పోయి ఆగింది. పొయ్యి తగ్గించి సందులోకి నడిచాడు.

కుళ్ళాయప్ప దూది మూటకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఒళ్ళో మహాదేవమ్మ మనవడి దిండు. మూడు పక్కలు కుట్టు అయింది, నాలుగో పక్క సగం. సూది దిండుకే గుచ్చి ఉంది, దారం తెగలేదు. తల ఒక పక్కకు వాలి, మెడ కొంచెం కనిపిస్తోంది.

"అన్నా" అన్నాడు ఓబులేసు. ఇంకోసారి అనలేదు.

మసీదుకు పోయి చెప్పాడు. ఇల్యాసు మైకు దగ్గర పీటను చేత్తో ఎత్తి పక్కన పెట్టాడు. పొడుగు మనిషి, దానితో పని లేదు. ఆలస్యంగా బాంగు ఇచ్చాడు. వీధిలో లైట్లు వెలిగాయి.

మరునాడు శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత మట్టి చేశారు. కబరస్తాన్ నుంచి తిరిగి వస్తూ జిలాన్‌బాషా అడిగాడు.

"అయితే ఆయప్పది పూర్తి కాలేదన్నమాట."

"రంజాన్ దాకా ఉండె."

"ఎట్లయినా జయీఫే గదరా."

"జయీఫే" అన్నాడు ఇల్యాసు.

ఆ రోజు నుంచి ఐదు పూటలా మందుల షాపు షట్టరు సగం దించి వచ్చి ఇల్యాసే బాంగు ఇచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. రంజాన్ నెలవంక కనిపించిన సాయంత్రం చివరిసారి ఇచ్చి, మర్నాటి నుంచి షట్టరు మామూలుగా తెరిచి పెట్టుకున్నాడు. ఆళ్ళగడ్డ వైపు నుంచి కొత్త మోజన్ వచ్చాడు, మైకుకు కొత్త కడ్డీ వచ్చింది. దిండు మిగిలిన సగం పక్క మహాదేవమ్మ ఇంట్లోనే కుట్టుకుంది.

ఈ కథ జిలాన్‌బాషా చెప్పగా ఓబులేసు విన్నాడు, ఓబులేసు చెప్పగా, మీకు ఇది చెబుతున్న ఈ ముసలాయన విన్నాడు. జిలాన్‌బాషాకు మతిమరుపు. ఓబులేసు టీలో నీళ్ళు కలిపే మనిషి. మూడోవాడి సంగతి ఎనుముల దగ్గరే తేలిపోయింది. గొలుసు గట్టితనం ఇంతే. అయినా, ఇందులో పనిగట్టుకొని కల్పించింది ఒక్కటే ఉంది. మెత్త మీద పాదాల గుంటలు. అవి లేవు. కుళ్ళాయప్ప గురువారం గురువారం ఆ మెత్త విప్పి, దూది ఏకి, జుమ్మాకు కొత్తగా కుట్టి పెట్టేవాడు. ఆ గురువారం కూడా, కరెంటు లేని మధ్యాహ్నం, గోడ మీది పాత విల్లు దించి ఏకాడు. తర్వాత దాని మీద నిలబడింది ఒక్క అసర్‌కే. ఒక్క అసర్‌కు దూదిలో గుంట పడదు. పీట ఇప్పటికీ మసీదు మూలనే ఉంది, మెత్త దాని మీదే ఉంది, ఉబ్బుగా, తెల్లగా, ఎవరూ ఎప్పుడూ ఎక్కనట్టు.