వద్దన్నందుకు వందనాలు

మా నాన్న ఆదాముకు రైల్వే నేర్పిన సత్యం ఒకటుంది. కావలసినవాడికే ఆఫీసు ఉత్తరం రాస్తుంది, అక్కర్లేనివాడికి రాయదు. హౌరా పక్కన టికియాపారా రైలు షెడ్డులో ఫిట్టరుగా తీసుకున్నప్పుడు ఆయనకు సీలు వేసిన కాగితం వచ్చింది. ఆ తర్వాత పై మెట్టుకని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టాడు, ఒక్కదానికీ జవాబు లేదు. ఒక్కసారి మాత్రం నోటీసు బోర్డు మీద తన పేరు కనిపిస్తే కొత్త చొక్కా కుట్టించుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అది ఖరగ్‌పూర్‌లో ఉండే మరో ఆదాము అని చెప్పి అందరి ముందూ వెనక్కి పంపేశారు. ఆ చొక్కా పెట్టెలోకి పోయింది. బోర్డు మీద రాతను నమ్మడం ఆయన ఆ రోజే మానేశాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా ఎమ్మెస్సీ చదువు వచ్చి వచ్చి ఈ సత్యం మీదే పడింది.

అరవై తొమ్మిదిలో నేను గణితం ఆనర్సుతో బీయెస్సీ పాసయ్యాను. మా తెలుగువాళ్ళ రైల్వే క్వార్టర్లలో చదువుకున్న ఆడపిల్లంటే నర్సు, లేకపోతే టీచరు. ఎమ్మెస్సీలో సీటు దొరక్కపోతే మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పే ఉద్యోగం నాకోసం అట్టేపెట్టి ఉంచారు. ఎక్కాలంటే నాకు పగేమీ లేదు. కానీ బతుకంతా పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోవడానికి నేను సిద్ధంగా లేను. అందుకని మూడు చోట్లకు దరఖాస్తు పెట్టాను. నాకు నిజంగా కావలసింది కలకత్తాలో గణితం. అది రాకపోతే ఉత్తరాదిన ఒక చోట స్టాటిస్టిక్స్, అదీ రాకపోతే ఆంధ్రాలో ఒక చోట ఖగోళశాస్త్రం.

మొదటి జవాబు కలకత్తా నుంచే వచ్చింది. నా మాతృభాష తెలుగని దరఖాస్తులో కనబడుతోంది కనుక నా ప్రాంతపు యూనివర్సిటీని ఆశ్రయించవలసిందనీ, సీటు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నామనీ అందులో ఉంది. చదివి నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన కాగితం అందుకుని సీలు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"సీలున్నాదే," అన్నాడు.

వద్దన్నారు నాన్నా అని మళ్ళీ చెప్పాను.

"వద్దనడానికి ఎవుడైనా టైపు కొట్టి, సీలేసి, స్టాంపంటిస్తాడేటి?"

సాయంత్రానికి మా చర్చి సంఘపెద్ద దయానందం తాతగారు దిగారు. ఆయన రిటైరైన గార్డు. ఒకప్పుడు జెండా ఊపి బండి ఆపినట్టే ఇప్పుడు చెయ్యెత్తి ఎదుటివాళ్ళ మాట ఆపుతారు. మా వాళ్ళలో ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా, మంచి చోటికి బదిలీ అయినా కృతజ్ఞతా కూడిక పెట్టాలి. రెండు పాటలు, ప్రార్థన, బూందీ, టీ. దానికి ఒకటే నియమం: దేవుడికి ఒకసారి చెప్పిన వందనం వెనక్కి తీసుకోకూడదు. ఆ రాత్రే నాకు కూడిక పెట్టేశారు. ఇది సీటు కాదు, సీటు లేదన్న ఉత్తరం అని నేను అందరి మధ్యా నిలబడి చెప్పాను. తాతగారు చెయ్యెత్తారు. పిల్లకు వినయం కూడా ఉంది, దానికీ స్తోత్రం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు, పళ్ళు బిగించుకుని బూందీ పంచాను.

రెండోది ఉత్తరాది నుంచి వచ్చింది. మీరు మా రాష్ట్రం వారు కారు అన్నారు. రెండో కూడిక జరిగింది. మూడోది ఆంధ్రా నుంచి. మీరు బెంగాల్‌లో పుట్టి పెరిగారు కనుక మీ ప్రాంతపు యూనివర్సిటీని ఆశ్రయించగలరు అన్నారు. కలకత్తా వాళ్ళకు తెలుగుదాన్ని, తెలుగువాళ్ళకు బెంగాలుదాన్ని. ఈ ఇద్దరూ నన్ను ఒకరి మీదికి ఒకరు తోసుకుంటుంటే నేను ఏ ప్రాంతానికి చెందుతానో చెప్పగలవాళ్ళు మా క్వార్టర్ల పోస్టుమాను తప్ప ఎవరూ మిగల్లేదు. మూడో కూడికలో బూందీతో పాటు లడ్డూ కూడా పంచారు.

ఆదాము కూతురు లోయిస్ కోసం మూడు యూనివర్సిటీలు కొట్టుకుంటున్నాయన్న మాట హుగ్లీ నది దాటి గార్డెన్ రీచ్ ఓడరేవులో పనిచేసే మా వాళ్ళ దాకా పాకింది. మిషన్ స్కూలు వాళ్ళు కూడా విన్నారు. ఇంత గొప్ప పిల్ల మా దగ్గర ఎక్కాలు చెబుతుందా అని నాకోసం ఉంచిన ఉద్యోగాన్ని వేరే అమ్మాయికి ఇచ్చేశారు. చదువూ లేదు, ఉద్యోగమూ లేదు, ఉన్నవల్లా మూడు కృతజ్ఞతా కూడికలు.

ఇక మూడింట్లో ఏది ఎంచుకోవాలో తేల్చడానికి సంఘం కూర్చుంది. తాతగారు మూడు ఉత్తరాలనూ బల్ల మీద పరిచి, మధ్య బైబిలు పెట్టారు. ముందు స్టాటిస్టిక్స్ అంటే ఏమిటని నన్నడిగారు. జనాన్నీ, పంటల్నీ, చావుపుట్టుకల్నీ లెక్కపెట్టే శాస్త్రమన్నాను. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టినందుకే దేశం మీదికి తెగులు వచ్చింది, ఆ ఉత్తరం తీసి పక్కన పెట్టండి అన్నారు. ఖగోళమంటే నక్షత్రాలని చెప్పాను. నక్షత్రాన్ని చూసుకుంటూ వచ్చిన తూర్పు జ్ఞానులు మంచివాళ్ళేగానీ, దారి తెలియక నేరుగా హేరోదు ఇంటికే వెళ్ళి అడిగారు, దాంతో ఎందరు పసిపిల్లల ప్రాణాలు పోయాయి అన్నారు. అదీ పోయింది. గణితం సంగతికొచ్చేసరికి, ఓడకు పొడుగెంత, వెడల్పెంత అని మూరలతో సహా నోవహుకు చెప్పింది దేవుడే కదా అన్నారు. మా అమ్మ రోజమ్మ, కలకత్తా అయితే పిల్ల రోజూ ఇంటికొచ్చి అన్నం తింటుందని చెప్పింది. చేతులెత్తించారు. గణితం గెలిచింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు వద్దుల్లోంచి వెతికి వెతికి నేను కోరుకున్న వద్దునే నాకు ఎంచిపెట్టారు.

నన్ను చేర్పించడానికి శనివారం సంఘం బయల్దేరింది. నాన్న షెడ్డులో డ్యూటీ ఉండి రాలేకపోయాడు. మిగిలినవాళ్ళు డోలకు, తాళాలు, బూందీ డబ్బాతో సహా ట్రామెక్కారు. గణితశాఖ ఆఫీసులో సమాద్దార్ అనే గుమాస్తా ఉన్నాడు. జాబితా తిరగేసి ఈ పేరు లేదన్నాడు. పరవాలేదు దాదా, తొందరేం లేదు అని మా వాళ్ళు వరండా నిండా కూర్చుని పాట ఎత్తుకున్నారు.

అది ఘెరావుల కాలం. నెలకొకసారైనా ఎవరో ఒకరు వచ్చి పెద్దలను గదుల్లో దిగ్బంధం చేసేవారు. డోలకు వినగానే సమాద్దార్ బీరువాలకు తాళాలు వేశాడు. శాఖాధిపతి ప్రొఫెసర్ నియోగి లోపలి నుంచి బయటికొచ్చారు. ఘెరావుకని ఎప్పుడూ గదిలో ఉంచుకునే తలగడా, మరమరాల డబ్బా ఆయన చేతిలోనే ఉన్నాయి. డిమాండ్లు ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. నియోగి అన్న పేరు తలుపు మీద చదివిన తాతగారు, ఈయన మన గోదావరి వైపు బ్రాహ్మడే అయి ఉంటాడని తీర్మానించుకుని తెలుగులో క్షేమసమాచారాలు అడగడం మొదలుపెట్టారు. అచ్చమైన బెంగాలీ అయిన ఆ పెద్దమనిషి నా వైపు చూశారు.

"డిమాండ్లేవీ లేవు సార్. మీకు థాంక్స్ చెప్పడానికి వచ్చారు," అన్నాను.

"దేనికి?"

"నాకు సీటు లేదన్నందుకు."

ఆయన తలగడ కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నారు. డిమాండ్లు ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆయనకు తెలుసు. సగం ఒప్పుకుని, సగం వాయిదా వేసి పంపేస్తారట. ఏమీ అడగని మనుషుల్ని ఎలా పంపించాలో తెలియలేదు. మా అమ్మ బూందీ పెడితే తిన్నారు. ఇంకో పాట విన్నారు. చివరికి నా మార్కుల కాగితం తెప్పించుకుని చూశారు, చాలాసేపు చూశారు. ఈ అమ్మాయిని ఎందుకు పక్కన పెట్టారని సమాద్దార్‌ను అడిగారు. మాతృభాష గడిలో తెలుగని ఉంది సార్ అన్నాడతను. లెక్కలకు మాతృభాషతో పనేమిటని ఈయన. పనేమీ లేదు సార్, కానీ గడి ఉంది కదా అని అతను. నియోగి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండో జాబితా సోమవారం బోర్డు మీద పెడతాం, ఇప్పటికి దయచేసి అందరూ ఇళ్ళకు వెళ్ళండి అన్నారు. మా వాళ్ళు ఆయనకు కూడా వందనాలు చెప్పి దిగారు.

సోమవారం బోర్డు మీద నా పేరుంది. అక్షరం పొల్లుపోకుండా ఉంది. శుక్రవారంలోగా తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెట్టకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుందని కింద రాసి ఉంది. ట్రాము దిగి ఇంటిదాకా పరుగెత్తాను.

నాన్న చెయ్యి చాపాడు. "ఉత్తరమేదే?"

తీసుకున్నవాళ్ళకు ఉత్తరాలు రాయరు, వద్దన్నవాళ్ళకే రాస్తారని చెప్పాను. నేను వేళాకోళమాడుతున్నానేమోనని ముందు నవ్వాడు. ఆ తర్వాత ఆయన మొహంలో నవ్వు చచ్చిపోయింది. బోర్డు మీద పేరు చూసుకుని పరుగెత్తేవాళ్ళను ఏం చేస్తారో నాకు తెలుసన్నాడు. నిన్ను కూడా నలుగురిలో నిలబెట్టి పంపేస్తారు, నేను సంతకానికి రాను అన్నాడు.

ఆ సాయంత్రం తాతగారు నాకోసం ఆదరణ కూడిక పెట్టారు. చావు జరిగిన ఇంట్లో పెట్టే కూడిక అది. పాటలన్నీ నెమ్మదిగా పాడారు. ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, మూడు ఉత్తరాలు వచ్చిన పిల్లకు ఆఖరికి బోర్డు రాసిపెట్టి ఉందని కళ్ళు తుడుచుకున్నారు. సీటు రానప్పుడు లడ్డూలు పంచినవాళ్ళు, సీటు వచ్చాక నన్ను ఓదార్చారు. నాకు కోపం తలకెక్కింది. ఒక్క పాత చొక్కా నా బతుకును మింగేస్తోందని భయం కూడా వేసింది. కానీ గోడకానుకుని తల దించుకున్న నాన్నను చూస్తే ఆ కోపం ఆయన మీద చూపించలేకపోయాను, అదే ఎక్కువ బాధ పెట్టింది.

బుధవారం నియోగి గారి గదికి వెళ్ళాను. సీటు ఇచ్చినట్టు ఒక ఉత్తరం ఇప్పించమన్నాను. సమాద్దార్ అడ్డం తల ఊపాడు. ఇచ్చినట్టు రాయడానికి మా దగ్గర ఫారం లేదు, బోర్డే దానికి ఆధారం, ఇవ్వనట్టు రాయడానికి మాత్రమే ఫారం ఉందన్నాడు.

"అయితే సార్, నాకు సీటు లేదని రాసి ఇప్పించండి," అన్నాను.

"నీకు సీటు ఉంది కదా?"

"ఉంది సార్. లేదని రాసిస్తేనే చేరగలను."

అనంతాలతో జీవితమంతా గడిపిన మనిషి ఆయన. ఫారం తియ్యమని సమాద్దార్‌కు చెప్పారు. చేర్చుకున్న మనిషిని నిరాకరించడానికి నిబంధన లేదని సమాద్దార్ గొణిగాడు. నిరాకరించకూడదని నిబంధన ఉందా అని నియోగి గారు అడిగారు. దానికి గడి లేదు. ఫారం టైపు మిషన్‌లోకి ఎక్కింది. సీలు కొంచెం గట్టిగా వెయ్యండి దాదా అని నేనే చెప్పాను.

ఆ సాయంత్రం నాన్న ఉత్తరం అందుకుని సీలు తడిమాడు. ఈసారి అందులో ఏముందో చదివి చెప్పమని అడగలేదు, నేనూ చెప్పలేదు. శుక్రవారం ఉదయం పెట్టెలోంచి ఆ చొక్కా తీసి తొడుక్కున్నాడు. మడతల దగ్గర పసుపు పడిపోయింది, పొట్ట దగ్గర బిగిసింది. ఉత్తరం జేబులో పెట్టుకుని నాతో వచ్చి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే దిద్ది సంతకం చేశాడు. ఆయన్ని ఎవరూ వెనక్కి పంపలేదు. సమాద్దార్ కుర్చీ కూడా వేశాడు.

తిరుగు ట్రాములో ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నాన్నా, ఆ ఉత్తరంలో కూడా వద్దనే ఉంది."

"మూడుసార్లు సదివి సెప్పేవు గదే. నాకు సెవుడనుకున్నావేటి?"

"మరి తెలిసీ వందనాలెందుకు చెప్పావు?"

ట్రాము హౌరా బ్రిడ్జి మీదికెక్కింది.

"నాను పెట్టిన అర్జీలకి ఒక్కుడు వద్దని కూడా రాయలేదు. నీకు రాసేరు. మిస్ లోయిస్ అని పేరెట్టి రాసేరు. దానికి సెప్పేను."

అన్ని కూడికల్లోనూ పళ్ళు బిగించుకున్నదాన్ని. బ్రిడ్జి దాటేలోగా ఆమెన్ అన్నాను.