మూడో గ్లాసు

ఆమెను అందరూ ముక్కమ్మ అనేవారు. ఎగతాళికి కాదు, మర్యాదగానే. వైన్ గ్లాసు దగ్గరికి ముఖం తెస్తే చాలు, అది ఏ ద్రాక్షో, ఏ కొండవాలులో కాసిందో గుక్క తాగకుండానే చెప్పేసేది. అలాంటి ముక్కు కాస్తా మొన్న చలికాలపు జ్వరంతో పోయింది. ఇప్పుడు సబ్బూ ఒకటే, కిరసనాయిలూ ఒకటే. ఎవరితోనూ అనలేదు. ముక్కు లేని ముక్కమ్మ ఎవరికి కావాలి? పులుపూ వగరూ నాలుకకు ఇంకా తెలుస్తున్నాయి. మిగతాదంతా ఎదుటివాళ్ల ముఖాలు చూసి నెట్టుకొస్తోంది.

ఈరోజు తమ్ముడి వంతు వచ్చింది. అతను పండించేది బొగ్గు ద్రాక్ష, ఎవరూ పెద్దగా ఎరగని నల్ల రకం. తింటే నాలుక మసిబట్టినట్టవుతుంది. చుట్టుపక్కల వాళ్లంతా ఏనాడో పీకేసి అమ్ముడుపోయే రకం నాటుకున్నారు, ఇతనొక్కడే మొండికేశాడు. టోకు వ్యాపారి ఈసారి కొంటే తోట ఉంటుంది, లేకపోతే వేళ్లతో సహా పోతుంది.

పొడవాటి బల్ల మీద గుడ్డ తొడుగులు వేసిన మూడు సీసాలు, కింద ఉమ్మడానికి రేకు బకెట్. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ముందు ముక్కమ్మ తీర్పు చెప్పాలి, తర్వాతే వ్యాపారి నోరు విప్పాలి. తమ్ముడు గోడవార నిలబడ్డాడు.

వాడి వైన్‌కి ముక్కెందుకు, కళ్లు చాలవూ అనుకుందామె. మొదటి గ్లాసులో చెప్పుకోదగ్గదేమీ లేదు. రెండోది సిరాలా నల్లగా ఉంది, వగరు పళ్లను పట్టేసింది. హమ్మయ్య, ఇదే. మూడోది పలచటి ఎరుపు. వ్యాపారి దాన్ని పుక్కిలిస్తూనే ముఖం చిట్లించాడు. ఇంకేం కావాలి?

"రెండోది కళ్లు మూసుకుని కొనండి. మూడోది పాడైపోయింది, తడి గోనెసంచి వాసన," అని గట్టిగా చెప్పింది.

తొడుగులు తీశారు. మూడోది తమ్ముడిది.

"నాకు బాగానే అనిపించిందండీ. పులుపు తగిలి పుచ్చిపన్ను జివ్వుమంది, అంతే," అన్నాడు వ్యాపారి. "అయినా మీరు కాదన్నాక నేనెంత?"

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, రంగెందుకంత పలచబడింది?"

"వగరెక్కువైందని పోయినేడు నువ్వేగా అన్నావక్కా. రంగూ వగరూ దిగేది తొక్కల్లోంచేగా, వాటిని తొందరగా తీసేశాను. ఈసారి నీకు నచ్చుతుందనుకున్నా."

"ఒరే, నా ముక్కు పోయిందిరా! చలికాలం నుంచి ఏ వాసనా తెలియట్లేదు. అయ్యా, మీరైనా నమ్మండి, గోనెసంచి అన్నది కల్పించిన మాట."

వ్యాపారి నవ్వేశాడు. "తోడబుట్టినవాడి కోసం ఎంత మాటైనా అనేస్తారే!" రెండో సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"నా కోసం అబద్ధాలొద్దక్కా. నీ ముక్కు ఎప్పుడు తప్పింది గనక? పొద్దున నాకు బాగుందనిపించింది. నువ్వన్నాక మళ్లీ వాసన చూశాను. నిజమే, గోనెసంచి వాసనే. రేపు తోట పీకించేస్తా."

"వద్దురా, నీ కాళ్లు పట్టుకుంటా," అందామె. అతను అక్క కన్నీళ్లు తుడిచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆమె మూడో గ్లాసు అందుకుంది. అందులో ముఖం పెట్టి, గుండెల నిండా ఊపిరి పీల్చింది. ఖాళీ గ్లాసయినా అలాగే ఉండేది.