రెండు ఇత్తడి బిళ్ళలు

ఇంజను మళ్ళీ అక్కడే పడింది. పట్టాలు రెండుగా చీలే చోట ముందు చక్రం ఎగిరింది, ఇంజను పక్కకి ఒరిగి ఆగిపోయింది.

పళ్ళాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు, అందుకే వీధిలో అందరికీ పళ్ళాయన. ముందు గదిలో మైనపు దవడలు, వెనక గదిలో గోడల వెంట తిరిగే బొమ్మరైలు పట్టాలు. రెండు కుర్చీలు ఉన్నాయి గానీ ఒకదాని మీద ఎవరూ కూర్చోక ఖాళీ డబ్బాలు చేరాయి.

ఈ ఇంజను ఆయనది కాదు. పొద్దున గడియారాలాయన కూతురు అట్టపెట్టెలో తెచ్చింది. ఐదేళ్ళ తర్వాత ఆ ఇంటి మనిషి ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆదివారం బొమ్మరైళ్ళ ప్రదర్శనకి నాన్న వస్తానంటున్నాడు మావయ్యా. చూపు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయంతే. ఇంట్లో పట్టాలన్నీ తీసేశాం, ఇదొక్కటే ఉంచుకున్నాడు. ఒక్కసారి నడిస్తే వింటాడట. మీ పట్టాల మీద తప్ప ఇంకెక్కడా నడవదటగా."

నిజమే. అంగట్లో దొరికే బొమ్మరైళ్ళకి పెట్టెలు సరైన కొలతలోనే ఉంటాయి గానీ కింద పట్టాలు ఇరుకు. పెద్దమనిషికి పిల్లాడి చెప్పులు తొడిగినట్టుంటుంది. నూటికి తొంభైతొమ్మిది మందికి అది కనపడదు. కనపడ్డవాడికి ఇక నిద్ర పట్టదు. ఆ ఊళ్ళో అలా నిద్ర పట్టనివాళ్ళు ఇద్దరే, పళ్ళాయనా, గడియారాలు బాగుచేసే గడియారాలాయనా. కొన్న ఇంజన్ల చక్రాలు పీకి, సన్నటి చక్రాలు ఎడంగా బిగించి, అసలు రైలు వెడల్పుకి తగ్గట్టు పట్టాలు కూడా చేత్తోనే వేసుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. వాళ్ళ బండ్లు వాళ్ళ రెండిళ్ళలో తప్ప ఎక్కడా నడిచేవి కావు. అదొక గర్వం.

అది ఒక్క మాటతో పోయింది.

ఐదేళ్ళ కిందటి ప్రదర్శనలో పళ్ళాయన పట్టాల మీద గడియారాలాయన ఇంజను వరసగా పడింది. జనం నవ్వారు. పళ్ళాయన కూడా నవ్వుతూ అన్నాడు: "చూపు ఆనకపోతే చెప్పొచ్చుగా బావా, చక్రాలు నేనే వేసిపెడతాను." ఆ జనంలో సగం మంది ఆయనకి గడియారాలు బాగుకిచ్చేవాళ్ళే. చూపు ఆననివాడికి గడియారం ఎవరిస్తారు? ఏడాది తిరక్కుండా కొట్టు మూసేశాడు. తర్వాత నిజంగానే చూపు పోయిందని తెలిసినప్పుడు, నేనన్నది నిజమేగా అని పళ్ళాయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పలకరించడానికి మాత్రం వెళ్ళలేకపోయాడు.

ఇప్పుడు ఆ ఇంజను బల్ల మీద ఉంది. పడ్డ కారణం తెలుస్తూనే ఉంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలు మరీ దగ్గరగా ఉన్నాయి. చీలిక దగ్గర చక్రం దారి తప్పకుండా పక్కన ఒక చిన్న పట్టా ఉంటుంది, చెక్ రైలు. చక్రం దాన్ని ఒరుసుకుని పైకెక్కేస్తోంది. చక్రాలు కాస్త ఎడం జరిపితే చాలు. పళ్ళాయనకి అదెంత పని? చక్రాలు పీకే పనిముట్టు అందుకున్నాడు.

అలవాటు కొద్దీ ముందు వెర్నియర్ కొలబద్ద పెట్టి చక్రాల మధ్య దూరం కొలిచాడు. మొదటి ఇరుసు వెంట్రుకవాసి తక్కువ. రెండోదీ అంతే. మూడోది కొలిచి, మళ్ళీ మొదటిది కొలిచాడు. అన్నీ ఒకటే.

పనిముట్టు పక్కన పెట్టేశాడు.

చూపు ఆననివాడి తప్పు ఒక్కో ఇరుసుకి ఒక్కోలా ఉండాలి. ఇన్ని ఇరుసులూ ఒకేలా తప్పాయంటే తప్పు కంటిది కాదు, కొలతది. అట్టపెట్టె అడుగున గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ళ దొరికింది. చక్రాల మధ్య దూరం చూసుకునే కొలత బిళ్ళ. ఒకే కడ్డీ లోంచి తనే రెండు కోసి, ఒకటి బావకిచ్చాడు. తనది మాసి నల్లగా ఉంది. ఇది బంగారంలా మెరుస్తోంది.

గడియారాలాయన ఇత్తడి మాసిపోతే ఊరుకోలేడు. పాలిష్ పెట్టి, గుడ్డతో రుద్ది రుద్ది, కొలతనే అరగదీశాడు. ఆ అరిగిన కొలతకి మాత్రం ఒక్క చక్రం కూడా తప్పు వెయ్యలేదు. చూపు ఆనదని తను అన్న కళ్ళతోనే.

ఈ చక్రాలు ఇక ముట్టుకోకూడదు. కానీ ఆదివారం ఇది పడకూడదు. పళ్ళాయన వీధి తలుపు వేసి, పట్టాల వైపు తిరిగాడు. ప్రతి చీలిక దగ్గరా చెక్ రైలు టంకం కరిగించి, వెంట్రుకవాసి పక్కకి జరిపి, మళ్ళీ అతికించాడు. అన్నీ అయ్యాక తన ఇంజను ఒకటి పెట్టి చూశాడు. మొదటి చీలిక దగ్గరే పడింది. ఇంకొకటి పెట్టలేదు.

ఆదివారం పట్టాలు విడదీసి, ప్రదర్శన హాలుకి తెచ్చి మళ్ళీ బిగించాడు. హాలు నిండింది. కూతురు భుజం పట్టుకుని గడియారాలాయన వచ్చాడు. పళ్ళాయన కరెంటు వదిలాడు. ఇంజను మొదటి చీలిక దాటింది. టక్ టక్. రెండోది. మలుపు తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. గడియారాలాయన తల కొద్దిగా వంచి విన్నాడు.

"చక్రాలు జరిపావా?"

"లేదు."

ఆయన చెయ్యి చాచి, తడుముకుంటూ వెళ్ళి చెక్ రైలు సందులో బొటనవేలి గోరు పెట్టాడు. గోరు వదులుగా ఆడింది.

"దీని మీద నీవి నడవవు బావా."

"నడవవు." పళ్ళాయన గొంతు పెంచాడు, వెనకున్నవాళ్ళకి కూడా వినపడేలా. "నీ చూపు తప్పు కాదు. అన్ని చక్రాలూ ఒక్కలాగే ఉన్నాయి. బిళ్ళ తేడా. ఆ బిళ్ళ చేసింది నేను."

వెనక ఎవరూ తిరిగి చూడలేదు. ఐదేళ్ళ కిందటి మాట వాళ్ళకి గుర్తే లేదు. పక్క బల్ల మీద ఎవరిదో పొడుగాటి బండి పొగ వదులుతుంటే అంతా అటు చూస్తున్నారు.

గడియారాలాయన సందులోంచి గోరు తీశాడు.

"నువ్వన్నది నేనూ నమ్మేశాను," అన్నాడు. "కొట్టు మూసినప్పుడు నాకింకా బాగానే కనపడేది. అప్పుడే నువ్వొకసారి కొలవాల్సింది బావా."

పళ్ళాయన ఇంజను తీసి పెట్టెలో సర్దబోతే ఆయన వద్దన్నాడు. ఇంట్లో పట్టాలు లేవు, ఇక్కడే ఉండనీ అన్నాడు. కూతురు ఆయన చెయ్యి భుజం మీద వేసుకుని జనంలోంచి దారి చేసుకుంటూ తీసుకెళ్ళింది.

కాసేపటికి ఒకావిడ వచ్చి, మీకు ఒక్కటే ఇంజనా అని అడిగింది. ఒక్కటేనన్నాడు పళ్ళాయన. బల్ల కింద పెట్టెలో తన ఇంజన్లన్నీ ఉన్నాయి. ఆయన కరెంటు ఆపలేదు.