ఆరో నంబర్ చెమట

ఆదివారం మ్యాచ్, సోమవారం ఉతుకు. పదహారేళ్లుగా పిన్ని బతుకు ఆ రెండు రోజుల చుట్టూనే తిరుగుతోంది. క్లబ్బు వెనక రేకుల గదిలో ఓ పాత మెషీను, రెండు సిమెంటు తొట్లు, కిటికీ కింద ముక్కాలి పీట. అమ్మాయిల హాకీ జట్టు జెర్సీలన్నీ మూటగట్టి పొద్దున్నే గుమ్మంలో పడేసి పోతారు. ఎవరు ఎలా ఆడారో ఆ మూట చూసే చెప్పేసేది ఆవిడ. గోల్‌కీపర్ జెర్సీ మట్టికొట్టుకుపోయి ఉంటే జట్టు ఓడినట్టు. కెప్టెన్ చేతి అంచు నమిలి ఉంటే అంపైరు మీద కోపం దిగమింగుకున్నట్టు.

జట్టులో అందరికీ ఆవిడ పిన్నే. ఒక్కత్తికి మాత్రం అమ్మ. ఆ ఒక్కత్తి ఆరో నంబర్. మైదానం నడిమధ్య నిలబడి ఆట మొత్తాన్ని చేత్తో పట్టుకున్నట్టు ఆడేది. మిగతా రోజుల్లో కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం. ఏడు నెలల కిందట ఓ మంగళవారం, భుజాన స్టిక్కు సంచీతో బస్టాపులో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందట. ఇరవై ఆరేళ్లు ఆ గుండెతోనే పరిగెత్తిందని డాక్టరు రెండుసార్లు చెప్పాడు, తనకే నమ్మకం కుదరనట్టు.

ఆ తర్వాతి మ్యాచ్‌కి జట్టు ఆరో నంబర్ జెర్సీని డ్రెస్సింగ్ రూములో కొక్కేనికి తగిలించి, ఒక్కొక్కరే దాన్ని తాకి మైదానంలోకి వెళ్లింది. ఆట అయ్యాక వచ్చి చూస్తే జెర్సీ తడిసి ముద్దయి ఉంది. ఎడమ మోచేతి దగ్గర పచ్చని గడ్డి మరక. ఆ పిల్ల ఎప్పుడు పడ్డా ఎడమ మోచేతి మీదే పడేది. గోల్‌కీపర్ దాన్ని కొక్కెం మీంచి తీసి మిగతావాటితో కలిపి మూటలో వేసింది.

"పిన్నీ, అక్కది ఇవాళ బాగా మాసింది. కాస్త విడిగా నానబెట్టు," అంది మూట దించుతూ.

అంతే. ఎవరూ నోరెళ్లబెట్టలేదు. ఆటాడాక చెమట పట్టదా మరి?

పిన్ని దాన్ని మెషీన్లో వేయలేదు. తలుపు దగ్గరికేసి, జెర్సీలో మొహం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తన పిల్ల చెమటే. అందులో అద్దాల పొడి వాసన కూడా సన్నగా కలిసి ఉంది. తర్వాత చేత్తో ఉతికి, నీడన ఆరేసింది. అప్పట్నించి ప్రతి వారం అదే వరస. కూతురు పోతే కన్నీటిచుక్క రాల్చలేదని నలుగురూ ఆవిణ్ణి రాతిగుండె అన్నారు. ఏడవని మాట నిజమే. కూతురు వారం వారం మాసిన బట్టలు పంపిస్తుంటే ఏ తల్లయినా ఎలా ఏడుస్తుంది?

ఇంతలో కొత్త సీజను వచ్చిపడింది. బుధవారం సాయంత్రం క్లబ్బు గదిలో మీటింగు పెట్టారు. పిన్నినీ రమ్మన్నారు. చిరుగు కుట్టాల్సిన ఆరో నంబర్ జెర్సీ ఒళ్లో పెట్టుకుని, సూదీ దారంతో ఆవిడ గోడవార కుర్చీలో కూర్చుంది.

"శుక్రవారంలోగా జట్టు పేర్లు లీగు ఆఫీసుకి పంపాలి. ఆరు ఎదురుగా ఏం రాయను?" అన్నాడు కార్యదర్శి. ఒకప్పుడు అంపైరు. ఇప్పటికీ మాట్లాడితే విజిల్ ఊదినట్టే ఉంటుంది. "నా మాట ఒక్కటే. ఆ నంబర్ ఇంకెవ్వరికీ ఇవ్వకూడదు. జెర్సీని అద్దాల పెట్టెలో పెట్టి, గుమ్మానికి ఎదురుగా గోడకి బిగిద్దాం. వచ్చే పోయే వాళ్లంతా చూస్తారు. ఆ పిల్లకి మనం చేయగలిగింది ఇంకేముంది?"

ఆ పిల్ల చేతికి మొదటి స్టిక్కు ఇచ్చింది ఆయనే.

"అద్దాల వెనక ఊపిరాడుతుందా సార్?" అంది గోల్‌కీపర్.

"ఎవరికి?"

"జెర్సీకి."

కార్యదర్శి కోచ్ వైపు తిరిగాడు. కోచ్ మెడ రుద్దుకుంటూ అన్నాడు: "నాకో ఇబ్బంది ఉంది. ఆ చోట ఇప్పుడు మన పిచ్చుక ఆడుతోంది. పంతొమ్మిదో నంబర్ వేసుకుని బాగానే ఆడుతోంది కానీ, ప్రతిసారీ ఓ అడుగు పక్కకి జరిగి నిలబడుతోంది. ఆ సందులోంచే గోల్స్ పోతున్నాయి. ఆ నంబర్ దానికే ఇచ్చేస్తే కుదురుగా నిలబడుతుందేమో."

పిచ్చుక అంటే జట్టులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి. బక్కపలచటి మనిషి. తల వంచుకునే జవాబిచ్చింది.

"అక్కడ అక్క ఉంది కదా సార్. అక్క ఉన్న చోట నేనెలా నిలబడను?"

అదీ నిజమే అన్నట్టు అందరూ తలలూపారు. చేతులెత్తమంటే పెట్టెకి ఎన్ని చేతులు లేచాయో, పిచ్చుకకి ఇవ్వాలన్న వైపూ సరిగ్గా అన్నే లేచాయి. కెప్టెన్ లేచి పిన్ని ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"పిన్నీ, నువ్వే చెప్పు. నువ్వెలా అంటే అలా."

పిన్ని చెప్పాలనుకుని వచ్చిన మాట వేరు. పెట్టే వద్దు, పిచ్చుకా వద్దు, ఎక్కడి జెర్సీని అక్కడే ఉంచండి, ప్రతి ఆదివారం నా పిల్ల చెమట నాకు పంపండి, చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కుట్టు కోసం మోచేతి దగ్గర బట్ట తిరగేసి చూసిందో లేదో, చెయ్యి ఆగిపోయింది. అక్కడ దారాలు అరిగి జల్లెడలా అయిపోయాయి. లోపలి వైపు కందిగింజంత నెత్తురు మరక. మెడ చుట్టూ ఎంత ఉతికినా పోని చెమట ఉప్పు తెల్లగా పేరుకుని గరగరలాడుతోంది.

"మొన్న ఎంతసేపు ఆడిందే?" అంది మెల్లగా.

"ఎవరు పిన్నీ?"

"నా కూతురు."

కెప్టెన్ అంది: "ఆసాంతం. అరవై నిమిషాలూ."

"అంతకు ముందు మ్యాచ్?"

"అప్పుడూ అంతే."

"ఈ ఏడు నెలల్లో ఒక్కసారైనా దాన్ని బయటికి పిలిచారా?"

కోచ్ అన్నాడు, "ఎలా పిలవను పిన్నీ? దాని బదులు లోపలికి వెళ్లే మనిషంటూ ఉండాలి కదా."

పిన్ని సూది జాకెట్టుకి గుచ్చుకుని, జెర్సీని రెండు చేతులతో పట్టుకుంది. "చిన్నప్పట్నించీ దానిది అదే మొండితనం. ఒళ్లు కాలిపోతున్నా బయటికి వచ్చేది కాదు. పిలిస్తే వినబడనట్టు నటించేది. ఇంకో పిల్ల వచ్చి గీత దగ్గర నిలబడితే తప్ప కదిలేది కాదు. అలాంటిది ఏడు నెలలుగా పరిగెడుతూనే ఉంది. ఆ గుండెతో. నేనేమో సబ్బు పెట్టి ఉతికి మళ్లీ లోపలికి తోస్తున్నా. వాసన చూసుకుని మురిసిపోతున్నా. తల్లినా నేను?"

"అందుకేనమ్మా పెట్టె అన్నాను. అందులో విశ్రాంతిగా ఉంటుంది," అన్నాడు కార్యదర్శి.

"పెట్టెలో పెట్టినా ఆదివారం ఆదివారమే కదండీ. లోపల తడుస్తూనే ఉంటుంది. అప్పుడు ఉతికే దిక్కు కూడా ఉండదు." పిన్ని జెర్సీని మడిచింది. "పిచ్చుకకి ఇవ్వండి."

పిచ్చుక బావురుమంది. "నాకొద్దు పిన్నీ! అక్కతో పోల్చి నన్ను నంజుకు తింటారు. నేను అక్కలా ఎప్పటికీ ఆడలేను."

"అక్కలా ఆడమని ఎవరన్నారే? వచ్చినట్టు ఆడు. గోల్స్ పోతే పోనీ. నువ్వెళ్లి అక్కడ నిలబడు, నాకదే చాలు."

కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కాగితం మీద ఆరు ఎదురుగా పిచ్చుక పేరు తన చేత్తోనే రాశాడు.

అనడం తేలికే. శనివారం మధ్యాహ్నం జెర్సీ కింది అంచు రెండు వేళ్లు లోపలికి మడిచి కుడుతుంటే పిన్ని ప్రాణం విలవిల్లాడింది. పిచ్చుక పొట్టిది, కుట్టక తప్పదు. మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. ఓ దశలో జెర్సీని సంచీలో కుక్కుకుని గేటు దాటి వీధి చివరిదాకా వెళ్లిపోయింది కూడా. ఎవరడుగుతారు? పోయిందంటే పోయిందంటారు. మలుపు దగ్గర ఆగింది. సంచీ బరువుగా ఉంది. వెక్కుతున్నట్టో, రొప్పుతున్నట్టో అందులోంచి ఏదో సన్నగా ఆవిడ పక్కటెముకలకి తగిలింది. వెనక్కి తిరిగొచ్చి, నాలుగోసారి కుట్టి, దారం పళ్లతో తెంపేసింది.

ఆదివారం పిన్ని మైదానానికి వచ్చింది. కూతురు పోయాక ఆవిడ ఆట వైపు కన్నెత్తి చూడలేదు. రిజర్వు అమ్మాయిలు కూర్చునే బల్ల మీద ఈ చివర కూర్చుంది. పక్కన ఇంకో మనిషికి చోటు వదిలింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆట మొదలైంది. పిచ్చుక వీపు మీద ఆరు పెద్దగా కనబడుతోంది. కానీ పిల్ల మాత్రం అలవాటు ప్రకారం ఓ అడుగు పక్కకే నిలబడింది. ఆ సందులోంచి బంతి దూసుకుపోయి గోలైంది. చూడటానికి వచ్చినవాళ్లు ఉసూరుమన్నారు. "అప్పటి ఆరేదీ, ఈ ఆరేదీ," అని ఎవరో పైకే అన్నారు. పిచ్చుక చెవులు ఎర్రబడటం ఇక్కడికే తెలుస్తోంది.

మళ్లీ ఆట మొదలుపెట్టే ముందు పిచ్చుక బల్ల వైపు చూసింది. పిన్ని తలాడించింది. పిచ్చుక ఊపిరి బిగబట్టి, ఆ ఒక్క అడుగూ ఇవతలికి వేసి, అక్క చోట రెండు కాళ్లూ ఊనుకుని నిలబడింది.

పిన్ని పక్కన బల్ల కిర్రుమని కిందికి వంగింది.

అలసిపోయిన మనిషి ధబ్బున కూర్చుంటే వంగినట్టు. రిజర్వు అమ్మాయిలు కొంచెం కొంచెం అవతలికి జరిగారు. ఒకతె తన తువ్వాలు తీసి పిన్ని చేతికిచ్చింది. పక్కన రొప్పు వినబడుతోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య సందులేని రొప్పు. పిన్ని తువ్వాలు చాచి పట్టుకుంది. అది నుదుటి దగ్గర తడిసింది, మెడ దగ్గర తడిసింది, చివరికి నీళ్లోడింది.

"చాలు తల్లీ," అంది పిన్ని మైదానం వైపే చూస్తూ. "పిచ్చుక వెళ్లింది. చూశావుగా. చాలు, ఇంక కూర్చో."

రొప్పు తగ్గడానికి చాలాసేపు పట్టింది. మైదానంలో పిచ్చుక ఒక బంతి ఆపింది, రెండు బంతులు వదిలేసింది, ఒకసారి తన కాళ్లే తనకి అడ్డం పడి బోర్లా పడింది. లేచి మళ్లీ అక్కడే నిలబడింది. పిన్ని భుజం మీద ఓ తల బరువు ఆనింది. ఊపిరి నెమ్మదించింది. నిద్రపోతున్న పిల్ల ఊపిరిలా దూరం దూరంగా వచ్చింది. బరువు కొద్దికొద్దిగా తేలికైంది. పిన్ని కదల్లేదు. కదిలితే లేస్తుందేమోనని కాలు తిమ్మిరెక్కినా సర్దుకోలేదు.

వంగిన బల్ల ఎప్పుడు చక్కబడిందో ఆవిడకి తెలియలేదు. ఆట అయిపోయింది. జట్టు ఓడిపోయింది. జనం లేచి దుమ్ము దులుపుకుని పోతున్నారు. అప్పుడు పిన్ని తడి తువ్వాలు మొహానికి అదుముకుని, భుజాలు అదిరిపోయేలా, గొంతు పోయేలా ఏడ్చింది. ఎవరూ వచ్చి ఊరుకోమనలేదు. గోల్‌కీపర్ ఒక్కతే వచ్చి, బల్ల ఆ చివర కూర్చుని, ఏ తొందరా లేకుండా ప్యాడ్లు విప్పుకోసాగింది.